నాన్న కంపెనీ క్యాసెట్లు ఎక్కించడానికి ఆరు నెలలు పట్టింది

2024 జూన్ రెండో వారంలో కురిసిన వానకి విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడమీది గది స్లాబు కారింది. ఆ గదినిండా ఉన్నవి టీవీకి కార్యక్రమాలు తీసిన నాన్న కంపెనీ తాలూకు వీడియో క్యాసెట్లు. "ఇంక వీటిని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం, దుమ్ము దులపలేక చస్తున్నాను" అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు. మోకాళ్ళ నొప్పితోనే మెట్లెక్కి వెళ్ళి, కింద చతికిలబడి, తడిసిన అట్టపెట్టెలోంచి ఒక్కో క్యాసెట్ తీసి తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు. నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నారు. "ఎంత ఖర్చయినా వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దాం నాన్నా" అని నోరు జారాను. ఎంత ఖర్చయినా అన్న ముక్క అనకుండా ఉండాల్సింది.

విశాఖలో ఇలాంటి పెట్టెలు ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. సిటీ కేబుల్‌కి పనిచేసినవాళ్ళు, పెళ్ళిళ్ళు తీసినవాళ్ళు, ఛానెళ్ళకి స్ట్రింగర్లుగా, అంటే వార్తకి ఇంతని తీసుకునే విలేకర్లుగా తిరిగినవాళ్ళు. వాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జూన్ 16, ఆదివారం. నేనూ నాన్నా కూర్చుని లెక్కపెట్టాం. మొత్తం 143. అందులో బీటాకామ్ (టీవీ వాళ్ళు వాడే రకం) 61, వీహెచ్ఎస్ (ఇళ్ళలో వీసీఆర్‌లో వేసేవి) 38, మినీ డీవీ (హ్యాండీకామ్‌లో పెట్టే చిన్నవి) 32, యూమాటిక్ (బీటాకామ్‌కన్నా పాత రకం) 12. లెక్క తేలడానికే సాయంత్రమైంది, ఎందుకంటే ప్రతి క్యాసెట్‌కీ నాన్న దగ్గర ఒక కథ ఉంది. సగం క్యాసెట్ల కిటికీల్లోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు కనిపించింది. అది మొన్నటి వానది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ గది కిటికీ రెక్కలు ఎగిరిపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో నేనూ అమ్మా ఇవన్నీ డాబా మీద ఎండలో పరిచాం. పెద్ద ఘనకార్యం చేశాం అనుకున్నాం అప్పట్లో. తేమా ఎండా రెండూ టేపుకి శత్రువులేనని పదేళ్ళ తర్వాత డబ్బులిచ్చి తెలుసుకున్నాం.

క్యాసెట్లతో పాటు నాన్న రఫ్ నోటు ఒకటి దొరికింది. నల్లట్ట లాంగ్ నోట్‌బుక్. 1994 నుంచి 2009 దాకా కంపెనీ చేసిన పనంతా అందులోనే ఉంది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. డాబాగార్డెన్స్‌లో ఒక మేడమీద రెండు గదులు, ఒక కెమెరా, రెండు లైట్లు, నాన్న, కెమెరా బాబాయ్ (వరసకి కాదు, పిలుపుకి), ఒక కుర్రాడు. హైదరాబాద్ దూరదర్శన్ 1977 నుంచీ ఉన్నా, తెలుగుకి వేరే ఛానెల్ వచ్చింది 1990ల మొదట్లో. సప్తగిరి అన్న పేరు దానికి తర్వాత వచ్చింది. ఖాళీ స్లాట్లు ఉన్నాయని విని నాన్న ఉద్యోగం వదిలేశారు. ఉత్తరాంధ్ర జానపద కళల మీద 13 వారాల కార్యక్రమం పెట్టారు. 13 ఎందుకంటే అప్పట్లో కార్యక్రమాలు 13 లెక్కనే ఇచ్చేవారు, ఒక క్వార్టర్‌కి సరిపోయేలా.

ఆ లెక్కలు నోట్‌బుక్‌లో చూస్తుంటే నాకు కళ్ళు తిరిగాయి. అప్పటి స్పాన్సర్డ్ పద్ధతిలో ప్రసారానికి దూరదర్శన్‌కి మనమే ఫీజు కట్టాలి. దానికి బదులు ఇన్ని సెకన్ల ప్రకటనలు వేసుకోమని మనకి ఇస్తారు. ఆ సెకన్లు అమ్ముకుని పెట్టుబడి రాబట్టుకోవాలి. నాన్న ద్వారకానగర్‌లో చీరల కొట్టు నుంచి జగదాంబ దగ్గర ఫ్యాన్ల కొట్టు దాకా మెట్లెక్కి దిగుతూ 10 సెకన్ల చొప్పున అమ్మారు. ఏడో వారం దాకా అమ్ముడయ్యాయి. ఎనిమిదో వారం పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "చేతక్ బండి ఇచ్చేశాను." అమ్మినట్టు కూడా రాసుకోలేదు.

అది చదివి నేను "మరి తర్వాత ఆఫీసుకి ఎలా వెళ్ళేవారు?" అని అడిగితే "సిటీ బస్సు ఉందిగదేటమ్మా" అన్నారు, ఇప్పుడే దిగొచ్చినట్టు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక పని మారింది. కార్యక్రమాలు పోయి వార్తలొచ్చాయి. ఆ ఏడాది నుంచి నోట్‌బుక్‌లో "క్యాసెట్ పంపాం, రాత్రి బండి" అన్న వరసలు ఎక్కువ. బొమ్మలు హైదరాబాద్ చేరాలంటే అప్పట్లో రైలో, బస్సు పార్సిలో, డబ్బున్న ఛానెలైతే విమానమో. ఆ మధ్యలో బతికించినవి మాత్రం పెళ్ళిళ్ళు. ఇది నాన్నకి చెప్పుకోవడం ఇష్టం ఉండదు గానీ, నేను కూర్చుని లెక్క కట్టాను. 15 ఏళ్ళ ఆదాయంలో మూడొంతుల్లో రెండొంతులు పెళ్ళిళ్ళదీ ఓణీల ఫంక్షన్లదీ.

ఇక అసలు పని.

జూన్ 24న మూడు వీహెచ్ఎస్‌లు మచ్చుకి ఒక దుకాణంలో ఇచ్చాను. పేరు అనవసరం. "పాత క్యాసెట్లు డీవీడీ చేయబడును" అని బోర్డు ఉంది. క్యాసెట్‌కి 350. వారంలో ఇస్తామని రెండు వారాలు తిప్పి జులై 9న ఇచ్చారు. మొదటి దాంట్లో బొమ్మ కింద వాళ్ళ దుకాణం పేరూ ఫోన్ నెంబరూ మొదటి నుంచి చివరిదాకా పాకుతూనే ఉన్నాయి. రెండో దాంట్లో శబ్దం లేదు. మూడో దాన్ని తుడవకుండానే మెషీన్‌లో పెట్టారు. బూజు టేపుని చదివే హెడ్‌కి పట్టి, టేపు నలిగి, రెండు మూరలు బయటికి వచ్చింది. కత్తెరతో కత్తిరించి సెల్లోటేప్ అంటించి "అయిపోయిందండి" అన్నారు. నాన్న ఆ క్యాసెట్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

1,050 రూపాయలకి నేను నేర్చుకున్నది ఏమిటంటే, మీ క్యాసెట్ ఎవరికిచ్చినా ముందు మూడు ప్రశ్నలడగండి. బూజు ఎలా తుడుస్తారు, ఫైలు ఏ రూపంలో ఇస్తారు, దానిమీద మీ పేరు వేస్తారా. మొదటి ప్రశ్నకే మొహం తేలేస్తే ఇంటికి తెచ్చేసుకోండి.

మిగిలిన 35 నేనే ఎక్కించాను. పక్క వీధిలో రిటైరైన మాస్టారి దగ్గర నడుస్తున్న వీసీఆర్ ఉంది, 2,500కి ఇచ్చారు. వీసీఆర్‌లు చేసే చివరి కంపెనీ కూడా 2016 జులైలో ఆపేసింది, కాబట్టి ఎక్కడైనా మంచిది కనిపిస్తే బేరమాడకండి. వీసీఆర్ బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ డబ్బీ 1,800. ఇందులో తెలివితేటలేం అక్కర్లేదు, ఓపిక కావాలి. మూడు గంటల క్యాసెట్ మూడు గంటలూ నడవాల్సిందే, తొందరపెట్టే దారి లేదు. వంట చేసుకుంటూ ఒక కన్ను అటువేసి ఉంచేదాన్ని.

మినీ డీవీల దగ్గర వేరే తిప్పలు. అవి డిజిటల్, బొమ్మ ఎలా ఉన్నది అలా కంప్యూటర్‌లోకి దిగుతుంది, గంటకి 13 జీబీ. కానీ దిగాలంటే ఫైర్‌వైర్ అనే సాకెట్ కావాలి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో అది లేదు. వాడిన హ్యాండీకామ్ 9,500, పాత డెస్క్‌టాప్‌లో పెట్టే కార్డు 1,100, తీగ 450. తీగ దొరకడానికే పది రోజులు. జులై 20 నుంచి ఆగస్టు 25 దాకా రోజూ బ్యాంకు నుంచి వచ్చాక ఒకటి. డీవీ టేపులో బొమ్మతో పాటు తీసిన తేదీ, టైము కూడా దాక్కుని ఉంటాయని ఎక్కడో చదివి సంబరపడ్డాను. తీరా చూస్తే సగం క్యాసెట్లు జనవరి 1నే తీసినట్టు ఉన్నాయి. కెమెరా లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి గడియారం ప్రతిసారీ మొదటికొచ్చిందట. కెమెరా బాబాయ్‌కి ఫోన్ చేస్తే "ఆ బ్యాటరీ వేయించమని మీ నాన్నకి ఎన్నిసార్లు చెప్పేనో" అన్నారు. ఇద్దరి మధ్యా ఆ తగాదా ఇప్పటికీ తేలలేదు.

అందుకని తేదీలు బొమ్మల్లోంచే లాగాల్సి వచ్చింది. ఒక దాంట్లో ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని ఒడ్డు మీదికి లాగుతున్నారు. మ్యూజియంగా తెరిచింది 2002 ఆగస్టులో, కాబట్టి ఇది దానికి ముందు. ఇంకో దాంట్లో కొట్ల బోర్డుల మీద ఫోన్ నెంబర్లు ఆరంకెలవి, అంటే ముందు 2 చేర్చక మునుపటివి. నాకు ఇదో ఆటలా అయిపోయింది. రాత్రి పన్నెండింటికి బోర్డులు చదువుతూ కూర్చునేదాన్ని.

బీటాకామ్ ఆడించే మెషీన్ మన ఊళ్ళో పనిచేసేది ఎవరి దగ్గరా దొరకలేదు. ఉన్నవాళ్ళు ఎప్పుడో ఇనుము కింద అమ్మేశారు. ఒకాయన దగ్గర మెషీన్ ఉంది గానీ దాన్ని టీవీ స్టాండుగా వాడుతున్నారు. చివరికి హైదరాబాద్‌లో అమీర్‌పేట వైపు ఒక స్టూడియో ఒప్పుకుంది. చిన్న క్యాసెట్, అంటే కెమెరాలో పెట్టే అరగంటది, 700. పెద్దది 1,500. బూజు ఉంటే తుడవడానికి ఒక్కోదానికి 400. ఆపైన 18 శాతం జీఎస్టీ. కొరియర్‌లో పంపమన్నారు. నాన్న ససేమిరా అన్నారు. "నా టేపులు నేనే తెచ్చుకుంటాను, ఎప్పుడూ అలాగే తీసికెళ్ళేను" అన్నారు.

నిజమే. కంపెనీకి బీటా ఎడిటింగ్ సూట్, అంటే ఆ టేపుల్లోంచి ముక్కలు తీసి కూర్చే మెషీన్ల గది, ఉండేది కాదు. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన హైదరాబాద్‌లో అద్దెకి తీసుకునేవారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి, పొద్దున దిగి, షిఫ్టు చేసి, మళ్ళీ రాత్రి బండికి. అప్పటి ఎడిటింగ్‌లో మధ్యలో ఒక్క షాట్ నిడివి మారిస్తే అక్కడి నుంచి చివరిదాకా మళ్ళీ కట్టుకోవాలి. అందుకే నోట్‌బుక్‌లో ప్రతి షాట్‌కీ ఇన్ పాయింట్, అవుట్ పాయింట్ (ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో) ముందే రాసుకుని ఉన్నాయి, రైల్లో రాసినట్టు వంకరటింకరగా.

మొదట సెప్టెంబర్ 1కి టికెట్లు తీశాను. ఆ రోజే విజయవాడ వరదలతో రైళ్ళు రద్దయ్యాయి. మళ్ళీ 15వ తేదీ గోదావరికి దొరికాయి. రెండు సూట్‌కేసుల్లో 61 క్యాసెట్లు, మధ్యలో అమ్మ పాత చీరలు. స్టేషన్‌లో సామాను స్కానర్ దగ్గర నాన్న ఆగిపోయారు. ఎక్స్‌రే తగిలితే బొమ్మలు పోతాయని ఆయన భయం. కానిస్టేబుల్ సూట్‌కేసు తెరిపించాడు. నల్లటి డబ్బాలు చూసి "ఏటండివి?" అన్నాడు. నాన్న చెప్పడం మొదలుపెట్టారు, దూరదర్శన్ నుంచి. వెనక క్యూ పెరిగిపోయింది. "సర్లెండి, మూసేయండి" అని పంపేశాడు. ఎక్స్‌రేకి టేపు చెక్కుచెదరదని, భయపడాల్సింది అయస్కాంతానికని, అంటే పెద్ద స్పీకర్ల పక్కన పెట్టకూడదని మర్నాడు స్టూడియో కుర్రాడు చెప్పాడు.

16 పొద్దున దిగి నేరుగా వెళ్ళాం. నేను చూడకుండా వదిలేసిన విషయం ఒకటుంది. 17న వినాయక నిమజ్జనం. హైదరాబాద్‌లో ఆ రోజు రోడ్డు దాటడం కూడా కష్టమే, స్టూడియో సెలవు. పిన్ని ఇంట్లో కూర్చుని టీవీలో ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూశాం. మీరు వెళ్తే క్యాలెండర్ చూసుకుని వెళ్ళండి.

18, 19, 20 తేదీలు మాత్రం నేను మర్చిపోను. ఆ కుర్రాడు క్యాసెట్ మూత విప్పి, మాస్కు వేసుకుని, టేపుని చేత్తో తిప్పే చక్రం మీద నడిపిస్తూ మెత్తని గుడ్డతో బూజు తీశాడు. గుడ్డ నలుపెక్కితే పారేసి కొత్తది. ఒక్కో క్యాసెట్ అయ్యాక మెషీన్ హెడ్ మళ్ళీ శుభ్రం చేసుకునేవాడు. నాన్న పక్కన స్టూల్ మీద కూర్చున్నారు. తెరమీద, టేపు మొదట్లో పరీక్షకి పెట్టే రంగుల పట్టీలు వచ్చి కూత మొదలవగానే ఆయన వెన్ను నిటారుగా అయ్యేది. బొమ్మ పడగానే ఊరు, ఏడాది, మనిషి పేరు చెప్పేవారు. నేను రాసుకునేదాన్ని. లేబుళ్ళని నమ్మి ఉంటే కొంప మునిగేది. "భీమిలి సముద్రం" అని ఉన్నదాంట్లో ఎవరిదో గృహప్రవేశం ఉంది. కొత్త క్యాసెట్ ఖరీదని పాతదాని మీదే తీసేవారట. "అరకు థింసా" అన్నదాంట్లో పది నిమిషాల థింసా, ఆ తర్వాత 1997 సెప్టెంబర్ 14. ఆ ఆదివారం పొద్దున హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో పేలుడు జరిగి మంటలు లేచాయి. నాన్న మా డాబా మీంచీ, తర్వాత రోడ్డు మీంచీ తీశారు. నల్లటి పొగ కింద జనం మూటలతో, పిల్లల్ని చంకనేసుకుని ఊరు దాటిపోతున్నారు. శబ్దంలో ఒకావిడ "మా ఇంటి తాళం వేశానా లేదా" అని ఎవర్నో పదే పదే అడుగుతోంది. స్టూడియోలో ఎవరం మాట్లాడలేదు. నాన్న "దీనికి నాకు డబ్బులు రాలేదు" అని మాత్రం అన్నారు.

నాలుగు క్యాసెట్లు ఎంత చేసినా ఎక్కలేదు. టేపు మీది పొర ఊడి వచ్చేసింది. వాటికి తుడిచిన డబ్బులే తీసుకున్నారు. అన్నీ అయ్యాక తేలిన బిల్లు 73,986. ఆ మూడు రోజుల్లో కానివి వాళ్ళే చేసి హార్డ్ డిస్క్ పంపుతామన్నారు. 20 రాత్రి బండెక్కాం. డిస్క్ అక్టోబర్ 14న చేరింది.

నాకు ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునన్నది ఇంకొకటి. మేం తీసిన కార్యక్రమాల మాస్టర్లు, అంటే ప్రసారానికి సిద్ధం చేసిన అసలు క్యాసెట్లు, మా దగ్గర లేవు. మాస్టర్ ఛానెల్‌కి వెళ్ళిపోతుంది. మన దగ్గర మిగిలేది రషెస్, అంటే కోయని ముక్కలు. ప్రసారమైన రూపంలో ఇప్పటిదాకా చూడగలిగినవి అయిదే ఎపిసోడ్లు, అవీ అమ్మ ఇంట్లో టీవీ నుంచి వీహెచ్ఎస్‌లో పట్టినవి. వాటిలో ఒకదాంట్లో సరిగ్గా జముకుల కథ ఊపందుకునేసరికి కరెంటు పోయింది.

దాంతో "ఎన్.జి." అని రాసి పక్కన పెట్టిన క్యాసెట్లే అసలు సరుకని తేలింది. ఎన్.జి. అంటే పనికిరాని టేకులు. ఎపిసోడ్‌లో తప్పెటగుళ్ళు నాలుగు నిమిషాలకి మించి వాడలేదు. ఎన్.జి. క్యాసెట్‌లో ఇరవై ఆరు నిమిషాలు ఆపకుండా ఉంది. ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెటలు, కాళ్ళ గజ్జెలు, మధ్యలో ఒకరి మీద ఒకరు ఎక్కి కట్టిన గోపురం. నాన్న దాన్ని ఎన్.జి. ఎందుకన్నారో చూస్తే తెలిసింది. మొదలయ్యే ముందు ముసలాయన తప్పెట తాడు బిగించుకుంటూ రెండుసార్లు గట్టిగా దగ్గారు, కెమెరా వంక చూశారు. తర్వాత వెనకాల ఒక గేదె అడ్డంగా నడిచింది.

నవంబర్ మొదటి ఆదివారం విజయనగరం జిల్లాలో ఆ ఊరు వెళ్ళి పెన్ డ్రైవ్ ఇచ్చాం. ఇవ్వాల్సింది పెన్ డ్రైవ్ కాదట. అక్కడ ఎవరికీ కంప్యూటర్ లేదు, ఫోన్లో కావాలన్నారు. చిన్న ఫైలు చేసి పంపేసరికి గంట పట్టింది. ముసలాయన లేరు. ఆయన మనవడు ఆటో నడుపుతున్నాడు. మంచి ముక్క కోసి స్టేటస్‌కి ఇమ్మన్నాడు. నేను గోపురం కట్టే చోటు నుంచి కోశాను. చూసి "ఇది కాదక్కా, ముందు దగ్గుతాడే, అక్కడి నుంచి ఇవ్వు" అన్నాడు.

ఇంకో చిన్న హెచ్చరిక. సింహాచలం చందనోత్సవం తీసిన ముక్క ఒకటి యూట్యూబ్‌లో పెట్టాను. పావుగంటలో కాపీరైట్ నోటీసు. వెనక మైకులో మోగుతున్న భక్తి పాట ఎవరిదో కంపెనీదట. ఆ పాట ఉన్నంతమేర శబ్దం తీసేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. మన కార్యక్రమం మనదేనా అన్నది కూడా చూసుకోండి. డబ్బు మనం పెట్టుకున్న స్పాన్సర్డ్ కార్యక్రమమైతే హక్కులు సాధారణంగా నిర్మాతవే, ఛానెల్ డబ్బిచ్చి చేయించుకున్నదైతే ఛానెల్‌వి. పాత ఒప్పందం కాగితం దొరికితే దాన్నీ స్కాన్ చేసుకోండి. మాది చెదలు తినేసింది, సంతకాలున్న మూల తప్ప.

నాలుగు టీబీ డిస్కులు రెండు 21,000. ఒకటి మా ఇంట్లో, ఒకటి పిన్ని దగ్గర. అంతా కలిపి 1,11,386, రైలు ఖర్చులు కాకుండా. అమ్మ ఈ అంకె వినలేదు, వినిపించే ఉద్దేశం నాకు లేదు.

మిగిలినవి 12 యూమాటిక్‌లు. వాటి మీద నాన్న రాత స్పష్టంగా ఉంది: 1 నుంచి 12. ఆ 13 వారాల కార్యక్రమం సేఫ్టీ కాపీలు, అంటే మాస్టర్ పోతే పనికొస్తాయని తీసిపెట్టుకున్న నకళ్ళు, అవే. పదమూడోది ఏమైందో ఆయనకే గుర్తులేదు. హైదరాబాద్ స్టూడియోలో ఈ మెషీన్ లేదు. చెన్నైలో ఒకాయన దగ్గర నడుస్తున్నది ఉంది. టేపు జిగురెక్కి ఉంటుందని, ఒకటి రెండు రోజులు దాదాపు 50 డిగ్రీల వేడిలో ఆరబెట్టాక గానీ మెషీన్‌లో పెట్టనని, ఇంట్లో ఓవెన్‌తో ప్రయోగాలు చేయొద్దని ఫోన్లోనే తిట్టినంత పని చేశారు. క్యాసెట్‌కి 3,000 దాకా అవుతుందన్నారు. సంక్రాంతి వెళ్ళాక రమ్మన్నారు. నాన్న సూట్‌కేసు అప్పుడే సర్ది మంచం కింద పెట్టుకున్నారు. టికెట్లు నేనింకా తీయలేదు.